పుట్టియు, పెద్దపడవయు

నా కార్యాలయమున నేను గూర్చుండు చోటు తొమ్మిదవ యంతస్తున నున్నది. కిటికీ యద్దమునుండి చూచినచో దుర్గముచెరువు కనబడును. ఉదయమున దాని నీరు వెండిరేకువలె మెఱయును. సాయంకాలమున తీగెల వంతెన దీపములు నీటిలో బ్రతిబింబించి పట్టుచీర పఱచినట్లుండును. కుతుబుషాహీల కాలమున గోలకొండకోటకు మంచినీ రిచ్చిన చెరువిది. చుట్టును కొండరాళ్లు క్రమ్ముకొని యుండుటచే దీనికి రహస్యసరస్సను పేరును గలిగినది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన సైబరు టవర్సను మేడ ప్రారంభింపబడి, హైటెక్ సిటీ యనుపేర నొక క్రొత్త పట్టణ మిచట మొలకెత్తినది. 2020వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన చెరువుపై తీగెల వంతెన తెఱవబడినది. నేడు వేలకొలది బండ్లు దానిమీదుగా బోవుచున్నవి. ఆ పోవువారిలో క్రిందినీటి నొక్కమారైన చేతితో ముట్టినవా రెందఱో చెప్పజాలను.

నేనును ముట్టినవాడను గాను. పదునెనిమిది సంవత్సరములుగా ఈ చెరువు నెదుట గూర్చుండి జీతము పుచ్చుకొనుచున్నాను. కృష్ణ యొడ్డున బుట్టి పెరిగినవాడ నయ్యును, నీటిని కిటికీనుండి చూచుటతోడనే తృప్తి నొందితిని. ఆ తృప్తి యెట్లు చెడినదో, అది చెడుట నాకెంత మేలైనదో చదువరులకు విన్నవింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గడచిన శీతకాలమున మా కార్యాలయములోని మిత్రులు కుటుంబములతో గూడి యొక జలవిహార మేర్పాటు చేసిరి. నగరమునకు దూరముగా నున్న యొక జలాశయమున బెద్దపడవ నొకదానిని ఒకపూటకు బాడుగ మాటలాడిరి. అది రెండంతస్తుల పడవ. క్రింద చల్లగాలి యంత్రములు, పైన పాటలపెట్టెలు, వెనుకప్రక్క వంటకముల బల్లలు. నా భార్యయు, పదుమూడేండ్ల మా యమ్మాయియు, ఊరినుండి వచ్చియున్న మా యమ్మయు నాతో వచ్చిరి. అమ్మకు డెబ్బదిరెండేండ్లు. ఆమెకు వేడుక గలిగింపవలెనని నేను ముందుగనే పోయి కిటికీ ప్రక్కచోటు పట్టితిని.

పడవ కదలినది. యంత్రము హోరెత్తినది. పైయంతస్తున పాటలు మొదలైనవి. పిల్లలు గంతులు వైచిరి, పెద్దలు ఛాయాపటములు దీసికొనిరి. అమ్మ కిటికీయద్దముమీద నరచేయి యానించి చాలసేపు చూచెను. ఆ యద్దము తెఱచుటకు వచ్చునది కాదు. తుదకు నావైపు దిరిగి, "నీళ్లేవి బిడ్డా?" అని యడిగెను.

"చుట్టూ నీళ్లే గదమ్మా!" అంటిని.

"ఇవి చూసేటి నీళ్లు. తాకేటి నీళ్లేవి?"

నేను నవ్వి యూరకుంటిని. ముదుసలి మాటయని తలచితిని.

మా ప్రక్కన గూర్చున్న మిత్రుడు మంచివాడు, మాటకారి. తానొక వేగపుబడవను గొనదలచినాడట. దాని ధర యిన్ని లక్షలనియు, యంత్రము బల మింతయనియు, దానిని నిలుపుటకు చోటును, ఈడ్చుకొని పోవుటకు బండియు, బాగుచేయుటకు మనిషియు వేఱువేఱుగా జూచుకొనవలెననియు దెలిపెను. "మనమే నడుపుదుమా?" అని యడిగితిని. "మనకెక్కడ కుదురుతుంది? దానికొక మనిషిని పెట్టుకోవాలి" అనెను. అంతట మా యమ్మవైపు వినయముగా దిరిగి, "మీది కృష్ణ ఒడ్డు ఊరట కదమ్మా! పడవలు చాలానే ఎక్కి ఉంటారు" అనెను.

అమ్మ మోము వికసించినది. "పడవ కాదు బాబూ, పుట్టి. మా ఇంటాయన పుట్టే నడిపిండు..."

నే నామాట ముగియనీయలేదు. "ఆవలి గట్టున మాకు పొలముండేది. పనివాళ్లను దాటించడానికి ఒక పుట్టి పెట్టుకున్నాము" అని నడుమ జొచ్చి చెప్పితిని.

చదువరులారా, మాకు ఆవలి గట్టుననే కాదు, ఈవలి గట్టునను బొలము లేదు. మా తండ్రి దినమెల్ల పుట్టి నడిపి, మనిషికి పావలా చొప్పున బుచ్చుకొని మమ్ము బోషించినవాడు. ఈ సంగతిని నేను కార్యాలయమున నెవ్వరికిని జెప్పియుండలేదు. మా యమ్మాయికిని జెప్పలేదు. ఆమెకు దెలిసిన తాత గోడమీది పటములోని తాత మాత్రమే.

అమ్మ నావంక నొకమారు చూచి, మరల నద్దమువైపు దిరిగెను. ఒడ్డు చేరువఱకు నొక్కమాట పలుకలేదు.

ఆ రాత్రి భోజనము లైన పిదప అందఱును బండుకొనిరనుకొని నే నొంటిగా గూర్చుంటిని. అమ్మ వచ్చి యెదుట గూర్చుండెను. ఆమె కంఠమున గోపము లేదు. అదియే నాకు మఱింత కష్టముగా నుండెను.

"నీ బడి ఫీజు ఏ పొలం కట్టింది బిడ్డా?" అని యడిగెను.

నాకడ జవాబు లేకపోయెను. ప్రక్కగదిలో మేలుకొని యున్న మా యమ్మాయి తలుపుచాటున నిలిచి యన్నియు వినినది. "తాత పుట్టి నడిపేవాడా? పుట్టి అంటే ఏమిటి నానమ్మా?" అని దగ్గఱ జేరినది. ఆమె ముఖమున చిన్నతనపు ఛాయ యెచటను లేదు, ఉత్సాహమే యున్నది. నేను సిగ్గుపడిన దానిని జూచి నా బిడ్డ మురిసినది. ఆ రాత్రి అమ్మ చెప్పుచుండగా నామెతో బాటు నేనును మా తండ్రి వృత్తిని క్రొత్తగా వింటిని.

పుట్టి యనగా గుండ్రని పెద్దగంప. వెదురు బద్దలతో నల్లి, చుట్టును గట్టి యంచు కట్టుదురు. పూర్వము దానికి తోలు గప్పెడివారు. మా తండ్రి కాలమునాటికి ఎరువుల సంచుల గుడ్డ నతికించి పైన తారు పూయుట వచ్చినది. దానికి ముందు వెనుకలు లేవు, ఇనుము లేదు, యంత్రము లేదు. మూరెడు నీరున్నను దేలును. బండరాయికి దగిలినను నంతగా చెడదు, చిరిగినచోట మరల గుడ్డవైచి తారు పూసిన సరిపోవును. పని ముగిసినపిమ్మట బోర్లించి వీపున వైచుకొని యింటికి దెచ్చుకొనవచ్చును. తాబేలు తన డిప్పను మోయునట్లు మా తండ్రి గట్టు నెక్కివచ్చుచుండుట నాకిప్పటికిని గన్నులకు గట్టినట్లున్నది. వెదురు, త్రాళ్లు, గుడ్డ, తారు, నాలుగు దినముల చేతిపని: ఇదియే దాని మూలధనము. మూలధన మింత స్వల్ప మగుటచేతనే పొలములేనివాడు గూడ నొక వృత్తికి యజమాని కాగలిగెను.

ఈ పడవ నిన్న మొన్న పుట్టినది కాదు. 1520వ సంవత్సర ప్రాంతమున విజయనగరమును జూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, తుంగభద్రమీద గంపలవంటి గుండ్రని పడవలుండుటను, వానికి వెలుపల తోలు గప్పుటను, పదునైదు ఇరువదిమంది వానిలో దాటుటను, అవి తిన్నగా బోక తిరుగుచునే పోవుటను వ్రాసి యుంచినాడు. ఇరాకు దేశమున టైగ్రిసు నదిమీదను ఇట్టి గుండ్రని పడవ లుండెడివి. ఒకరి నొక రెఱుగని జనులు నదికి నొక్కటే జవాబు చెప్పిరి. మన కోస్తాసీమలో తాటిమ్రాను దొలిచి దోనె చేసిరి, సముద్రతీరమున దుంగలు గట్టి తెప్ప చేసిరి. రెండు దోనెలను జతగట్టి దాటించుదానికి సంగడి యని పేరిడిరి. స్నేహితుని గూడ మనవారు సంగడీ డనిరి. జతగా నీటిని దాటుటకును, జతగా బ్రతుకుటకును ఒక్కమాటయే చాలునని మన పెద్దలకు దోచినది కాబోలు.

ఇట్టి వస్తువును గుఱించి నే నేల సిగ్గుపడితిని? ఈ ప్రశ్న నాలో బెక్కుదినములు మెదలినది. విచారింపగా నాకు దోచిన దిది. మన మొకకాలపు మూఢవిశ్వాసములను గొన్నిటిని విడిచితిమి. శకునము చూడము, దిష్టికి వెఱవము. కాని వాని స్థానమున మఱొక విశ్వాసమును దెచ్చిపెట్టుకొంటిమి. పెద్దది గొప్పది, వెలగలది మేలైనది, ఇతరులచే నడిపింపబడునది గౌరవమైనది అనునదియే ఆ విశ్వాసము. తెడ్డు పట్టినవాడు తక్కువవాడు, చేతులు ముడుచుకొని గూర్చున్నవాడు ఎక్కువవాడు! చేతిపని చేయువారిని ఊరివెలుపల నుంచిన పాతబుద్ధికి నిది క్రొత్తచొక్కా తొడిగినట్లున్నది కదా! ఆ చొక్కాను దొడిగికొనినవాడను నేనే. అందుచే నితరులను నిందింపను.

పెద్దపడవలు పనికిరావని నేను చెప్పబోవుటలేదు. వెడల్పైన జలాశయములను దాటుటకు, రోగులను సరకులను జేర్చుటకు, నడువలేని వృద్ధులకు నీటిగాలి చూపుటకు నవి కావలసినవే. సక్రమముగా దనిఖీచేసి, లెక్కకు మించి యెక్కింపక, తెలిసినవాడు నడిపిన పెద్దపడవ మేలు చేయును. చిన్నది గనుక క్షేమమనుటయు బొరబాటే. పుట్టి గాలికి నిలువదు, వఱదకు లొంగును. ఎక్కువమంది నెక్కించిన తలక్రిందగును. 2007వ సంవత్సరము జనవరిలో సింగోటము జాతరకు బోవువారితో గిక్కిఱిసిన యొక పడవ శ్రీశైలము వెనుకనీటిలో మునిగి 60 మందికి పైగా మరణించిరి. ఆ దుఃఖమును మా ప్రాంతము మఱువలేదు. నీటియెదుట గర్వము చిన్నపడవకును దగదు, పెద్దపడవకును దగదు.

అయినను నొక భేదము గలదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరి యొద్ద రాయల్ వశిష్ఠ యను విహారపుబడవ మునిగినది. పాపికొండలు చూడబోయినవారు సుమారు 50 మంది ప్రాణములు గోల్పోయిరి. 26 మంది బ్రదికిరి. వారిని ముందుగా నీటినుండి దీసినవారు ఒడ్డుననున్న పల్లెజనులు, తీసినవి వారి నాటుపడవలు. మునిగిన పడవను బైకి దీయుటకు వారములతరబడి ప్రయత్నములు జరిగినవి. తుదకు అక్టోబరు 22వ తేదీన దానిని గట్టుకు దెచ్చినది కాకినాడవాసి ధర్మాడి సత్యము బృందము. వారి సాధనములు ఇనుపత్రాళ్లు, లంగరులు, నీట మునుగు నేర్పుగల మనుష్యులు. 2020వ సంవత్సరము అక్టోబరులో హైదరాబాదు వీథులే యేఱులైనప్పుడు కాలనీలలోనికి బోగలిగినవి చిన్న రబ్బరుపడవలే గాని విహారనౌకలు కావు. ఆపద వచ్చినప్పుడు చేరువనున్నదియు, చేత నడుచునదియు మొదట పనికివచ్చుచున్నవి.

ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. 1947వ సంవత్సరమున అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున క్లియర్‌వాటర్ పట్టణమందు, సామాన్యుల పిల్లలును దెరచాపపడవ నడుపనేర్వవలెనని తలచి, క్లార్కు మిల్సను పడవల పనివాడు రెండు ప్లైవుడ్ పలకలతో జేయదగిన యొక చిన్నపడవను గల్పించెను. దాని పేరు ఆప్టిమిస్టు. ఏడడుగులకు గొంచెము మించిన పొడవు, మొద్దుముక్కు, ఒక్క తెరచాప, ఒక్క బిడ్డ. ధనికుల వేడుకయని పేరుపడిన విద్యను ఆ పెట్టెవంటి పడవ సామాన్యుల బిడ్డల చేతికిచ్చినది. నేడు లోకమందంతటను పదునైదేండ్ల లోపు పిల్లలు దానిమీదనే నేర్చుచున్నారు. మన హుస్సేనుసాగరమున 2009వ సంవత్సరమున నేర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఆ పడవలమీదనే బీదయిండ్ల పిల్లలకు, అందును బాలికలకు శిక్షణ నిచ్చుచున్నది. వారిలో గొందఱు దేశపు పోటీలలో బతకములు గెలిచిరి. ఆ పడవ యొక్క గొప్పతనము చౌకయగుట యొక్కటియే కాదు. అందులో గూర్చున్న బిడ్డకు వేఱొక నావికుడు లేడు, తానే నావికుడు. గాలి మాఱినచో తానే కనిపెట్టవలయును, తప్పు చేసినచో తానే తడియవలయును.

మా యమ్మాయి పట్టుపట్టుటచే, ఆ మఱుసటి నెలలో మేము నలుగురము కృష్ణ యొడ్డునకు బోతిమి. కృష్ణ తంగిడి యొద్ద దెలంగాణమున బ్రవేశించి భీమతో గలియును. అచటినుండి మక్తల్ ప్రాంతమున ఱాళ్లనడుమ పాయలుగా జీలి పాఱును. కురువపురము లంకకు యాత్రికులు పుట్టులలో దాటుట యీ ప్రాంతమునందే. ఇప్పుడు వెదురుపుట్టులకు దోడు ఫైబరు పుట్టులును వచ్చినవి. మా తండ్రి నెఱిగిన యొక ముసలి పుట్టివాడు నన్ను గుర్తించి, "చిన్నోడా, తెడ్డు మరిచినవా?" అని పలుకరించెను. మఱచితిననుటకు నోరు రాలేదు.

గట్టున కావలిగా నీరు నిలుకడగా నున్న మడుగులో, పట్టణమునుండి దెచ్చిన లైఫ్ జాకెట్లు దొడిగికొని మేము పుట్టి నెక్కితిమి. నేను తెడ్డు పట్టితిని. పుట్టి యొకచోటనే గిరగిర దిరిగినది. ఎంత బలముగా లాగితినో యంత వేగముగా దిరిగినది! ముసలివాడు నవ్వి, "బలం కాదు, ఒడుపు. ముందర ముంచి నీ దిక్కు గుంజు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ" అని చెప్పెను. ఎనిమిది యంకె చుట్టినట్లు తెడ్డు నాడింపవలెనట. నా చేతులు గంటకొట్టి పనిచేయు చేతులు. అవి నేర్చుకొనుటకు నరగంట పట్టినది. పుట్టి పదిబారలు తిన్నగా బోయినప్పుడు నేను పొందిన సంతోషము, పదునెనిమిదేండ్ల యుద్యోగమున నే వృద్ధి వచ్చినప్పుడును బొందియుండలేదు.

అమ్మ పుట్టి యంచునుండి చేయి క్రిందికి జాచి నీటిలో నుంచెను. ఏమియు మాటలాడక యట్లే యుండెను. ఇవియే తాకేటి నీళ్లని నాకప్పు డర్థమైనది.

తరువాత మా యమ్మాయి తెడ్డు పట్టినది. ఆమె నాకంటె శీఘ్రముగా నేర్చినది. కొంతసేపటికి, "నానమ్మా, నువ్వు కూడా పట్టు. నీకైతే బాగా వచ్చి ఉంటుంది" అని తెడ్డు చాచినది.

అమ్మ తెడ్డువంక జూచి తల యడ్డముగా నాడించెను. "నాకు రాదు బిడ్డా. ముప్పై ఏండ్లు పుట్టితోనే బతికిన. తెడ్డు ఒక్కసారి పట్టలే."

"ఎందుకు?"

"మీ తాత ఇయ్యలే. ఆడది తెడ్డు పడితే గంగమ్మకు కోపమొస్తదనేటోడు."

నే నీమాట నెన్నడును వినియుండలేదు. అమ్మ నీటివంకనే చూచుచు మెల్లగా మఱికొంత చెప్పెను. నేను పసివాడనై యున్నప్పుడొక వానకాలము చివర మా తండ్రి జ్వరముతో దెలివితప్పి పడియుండెనట. ఆవలి గట్టున ఒక యామెకు బ్రసవమై బిడ్డ యడ్డము తిరిగినది. ఈవలి గట్టుననున్న వైద్యునికడకు జేర్పవలయును. ఆమె మనుష్యులు ఆవలినుండి కేకలు వైచుచుండిరి. తక్కిన పుట్టులు సంతకు బోయినవి. ఏఱు నెమ్మదిగానే యుండెను.

"పుట్టి ఉన్నది. తెడ్డు ఉన్నది. నేనున్న. నడపరాదు" అని అమ్మ యాగెను. "ఇంకో పుట్టి వచ్చేటాలకు పొద్దుగూకింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలే."

పుట్టిలో నెవ్వరును బలుకలేదు. ముసలి పుట్టివాడు తల వంచుకొనెను. నే నింతకాలము తండ్రి వృత్తికి సిగ్గుపడుట తప్పని తెలిసికొంటిని. ఆ దినమున మఱొకటి దెలిసికొంటిని. తెలిసికొన్న పాతదాని నెల్ల నెత్తిన బెట్టుకొనుటయు దప్పే. మా తండ్రి కష్టజీవి, నిజాయితీపరుడు. జాతరనాడైనను ఆఱుగురికి మించి పుట్టి నెక్కించినవాడు కాడు. అయినను నాలుగు దినములలో నల్లదగిన పుట్టిని, నరగంటలో నేర్వదగిన తెడ్డును, ఒక మాటచేత నింటి యాడుదానికి లక్షల వెలగల యోడకంటె దూరము చేసెను. వస్తువు చౌకయైనంత మాత్రమున నందఱిదియు గాదు. దానిని బట్టుటకు హక్కును, నేర్చుటకు నవకాశమును అందఱికి గలిగినప్పుడే యది యందఱిది యగును.

మా యమ్మాయి యేమియు ననక నానమ్మ చేతిలో దెడ్డుంచి, ఆ చేతిపై దన చేయి వైచినది. అమ్మ వలదనలేదు. పుట్టి మూడు చుట్లు దిరిగినది. నాలుగవమాఱు కొంచెము ముందునకు జరిగినది. అమ్మ నవ్వెనో యేడ్చెనో నాకు దెలియలేదు, ఆమె వీపు నావైపున నుండెను.

నగరమునకు దిరిగివచ్చిన పిదప నొక యాదివారమున మే మందఱము దుర్గముచెరువునకు బోయి, కాలితో ద్రొక్కెడి చిన్నపడవల నెక్కితిమి. తొమ్మిదవ యంతస్తునుండి వెండిరేకువలె గనబడు నీరు, జానెడు దూరమునుండి చూచినప్పుడు వేఱుగా నుండెను. ఒకమూల నాచురంగు, ఒకమూల ప్లాస్టిక్ సీసాలు, గాలి దిరిగినప్పుడెల్ల మురుగువాసన. అమ్మ నీటిలో జేయి పెట్టబోయి వెనుకకు దీసికొనెను. "ఈ నీళ్లు ఏం పాపం చేసినయి?" అనెను. మా యమ్మాయి నన్ను జూచి, "నాన్నా, రోజూ చూస్తావు కదా, నీకు తెలియదా?" అని యడిగినది.

నాకు దెలియదు. వంతెనమీద బోవువానికి వాసన రాదు. అద్దముచాటున గూర్చున్నవానికి రంగు గనబడదు. పెద్దపడవలో చల్లగాలి యంత్రము క్రింద గూర్చున్నవానికి నీరొక చిత్రపటము. చిన్నపడవయం దున్నవానికి మాత్రము నీ రొక పొరుగువాడు. పొరుగువానికి రోగము వచ్చినచో మనకు దెలియక తప్పదు, తెలిసినపిమ్మట నూరకుండుట కష్టము. పుట్టిని గుఱించి నేను జెప్పదలచినదంతయు నింతయే. అది మనలను ప్రయాణికులుగా నుండనీయదు. నీటిని ముట్టించును, తెడ్డును చేతికిచ్చును, పోవుదారికి మనలనే బాధ్యులను జేయును. ఈ పట్టణమున మన మందఱము పెద్దపడవ ప్రయాణికులవలె గూర్చున్నాము. ఎవరో నడుపుచున్నారని మన నమ్మకము. నీరు చెడినను, త్రోవ తప్పినను నడుపువానిదే నేరమని మన వాదము.

ఆ తరువాత నేను జేసినది గొప్పపని కాదు. మేముండు మేడలో నివాసుల సమావేశమున, మన యిండ్లలో వాడిన నీ రెచటికి బోవుచున్నదని యడిగితిని. ఇన్నూఱు కుటుంబములలో నొక్కరును జెప్పలేకపోయిరి. నేనును జెప్పలేకపోతిని. శుద్ధిచేయు యంత్రము మేడక్రింద గలదు, అది దినమున కెన్నిగంటలు పనిచేయుచున్నదో యెవ్వరు నెఱుగరు. ఇప్పుడు నెలకొకమాఱు ఇద్దఱము క్రిందికి దిగి చూచి, కాగితముమీద వ్రాసి గోడకు దగిలించుచున్నాము. తొలిమాసమున కొందఱు నవ్విరి. ఇపు డంతగా నవ్వుట లేదు.

మా యమ్మాయి యాదివారములందు హుస్సేనుసాగరమున చిన్న తెరచాపపడవ నడుప నేర్చుచున్నది. నాలుగుమార్లు నీట బడినది. నా భార్యకు మొదట గలిగిన భయ మింకను బూర్తిగా బోలేదు. అయినను జాకెట్టు ముడులు తానే బిగించి పంపుచున్నది.

వేగపుబడవ గొనదలచిన మిత్రునితో నొకనాడు ఫలాహారశాలలో నిజము జెప్పితిని. మాకు పొలము లేదనియు, మా తండ్రి పావలాకు మనుష్యులను దాటించెడివాడనియు, నేనా దినమున నబద్ధమాడితిననియు జెప్పితిని. నాకు జెమటలు పట్టినవి. అతడు కొంతసేపు కాఫీగిన్నె వంక జూచి, "మా తాత రిక్షా తొక్కేవాడు. నేనూ ఎవరికీ చెప్పలేదు" అనెను. పిమ్మట మెల్లగా, "ఇంతకీ ఒక పుట్టి ఎంతకు దొరుకుతుంది?" అని యడిగెను.

అమ్మ యూరికి దిరిగి పోయినది. ప్రతివారమును టెలిఫోనున మొదట నడుగుప్రశ్న మా యారోగ్యమును గుఱించి కాదు. "చెరువు కంపు తగ్గిందా బిడ్డా?" అని యడుగును. ఇంకను దగ్గలేదనియే చెప్పుచున్నాను.